ఉప్పింటి పొయ్యి

పోయిన నెల సంత రోజున జీపు వేసుకుని పాత కట్టడాల ఆఫీసు నుంచి ఇద్దరు బాబులు మా ఊరొచ్చారు. ఒకాయన పెద్దవాడు, కళ్లజోడు మనిషి. రెండో అతను కుర్రాడు, మెడలో కెమెరా. మా ఉప్పిల్లు చుట్టూ రెండుసార్లు తిరిగారు, గోడలు కొలిచారు, లోపలికొచ్చి చాలాసేపు పైకప్పు వంక చూశారు. కింది మైదానం నుంచి వచ్చినవాళ్లు ఈ కొండల్లో కట్టుకున్న తొలి ఇళ్లలో ఇంత నిబ్బరంగా నిలిచింది ఇదొక్కటేనని, దీన్ని కాపాడతామని అన్నారు. నాకెంతో సంతోషం వేసింది. ఎనభై దాటినదాన్ని, నా తర్వాత దీని మొహం చూసేవాళ్లు ఎవరున్నారా అని నాకు ఎప్పుడూ దిగులే. ఎలా కాపాడతారు బాబూ అని అడిగాను. చుట్టూ కంచె వేస్తారట, బోర్డు పెడతారట, తలుపుకి తాళం వేస్తారట, పొయ్యి తీసేస్తారట. "పొగకి ఇల్లంతా నల్లబడిపోయింది కదమ్మా, మసంతా గీకించి శుభ్రం చేయిస్తాం" అన్నాడు కుర్రాడు, ప్రేమగానే.  కాగితం ముందు పెట్టి సంతకం చేయమన్నారు. కలం తీసుకుని, మళ్లీ కాగితం మీదే పెట్టేశాను. "తాళం ఏమైనా ఉందా అమ్మా ఇంటికి?" అని పెద్దాయన అడిగాడు. ఉంది. నడిమి గుంజకి కొట్టిన మేకుకి వేలాడుతూ ఉంది. మా అయ్య కొన్న ఇత్తడి తాళం, ఇప్పుడు ఇత్తడో ఇనుమో తెలియనంత నల్లగా ఉంది. ఈ తలుపుకి అది ఒకే ఒక్క వానాకాలం పడింది. ఆ వానాకాలం సంగతి చెబితేగానీ నేను సంతకం ఎందుకు పెట్టలేకపోయానో ఎవరికీ తెలియదు.

మా తాత విజయనగరం దిగువ పల్లెల నుంచి పది ఎద్దుల వీపున ఉప్పు వేసుకుని కొండెక్కాడట. అప్పటికి బండిబాట లేదు, సంతా లేదు, ఏటి ఒడ్డున ఇంత చదును నేల మాత్రం ఉంది. మొదటి రెండేళ్లూ చెట్టు కింద దించిన ఉప్పు సగం వానకి నీరైపోయేదట. పై ఊరి బుద్రా అనే ఆయన అది చూసి, ముందు ఉప్పుకి ఇల్లు కట్టు, తర్వాత నీకు కట్టుకుందువుగాని అన్నాడట. ఇద్దరూ కలిసి కట్టిందే ఉప్పిల్లు. ఒకే మద్ది చెట్టు కొట్టి రెండు దూలాలు తీశారు. ఒకటి మా ఇంటి నడుమ ఎక్కింది, రెండోది బుద్రా ఇంటి నడుమ ఎక్కింది. ఆ రోజే ఒకే ఆకులో ఉప్పూ సామన్నమూ కలుపుకు తిని నేస్తం కట్టారు. నేస్తం కట్టినవాళ్లు ఒకరి పేరు ఒకరు పలకకూడదు. అందుకని మా నానమ్మ ఆయన్ని "నేస్తం" అనే పిలిచేది, మా అయ్య "పెద్దయ్యా" అనేవాడు, నాకు ఆయన నేస్తం తాత. సొంత తాతని నేనెరగను. నేను పుట్టకముందే మన్యపు జొరం తీసుకుపోయింది.

నాకు తెలివొచ్చేసరికి అయ్య పక్కనే పెంకుటిల్లు కట్టేశాడు. కొట్టు అందులో, మేమూ అందులో. నానమ్మ మాత్రం ఉప్పిల్లు వదలలేదు. ఆవిడ తెల్లారకట్ల లేవగానే మొహం కడుక్కోకముందే పొయ్యి దగ్గర కూర్చుని బూడిద కదిపి నిప్పు లేపేది. ఎండు పుల్లలు రెండు పెట్టి, వాటి మీద పచ్చి కొమ్మ ఒకటి వేసేది. మంట వంటకి, పొగ ఇంటికి. ఆ పొగ పొయ్యి మీంచి లేచి, వెదురు అటక సందుల్లోంచి ఉప్పు బుట్టల మధ్యగా పైకి పాకి, దూలాలనీ వాసాలనీ తడుముకుంటూ పోయి, గడ్డి కప్పులోంచి సన్నగా బయటికి ఊరేది. దూరం నుంచి చూస్తే ఇల్లు ఆవిరి కక్కుతున్న గంజి కుండలా ఉండేది. ఆషాఢం పుట్టగానే వావిలి కొమ్మలు వేసేది, దోమ పోతుందని. దాని వాసన ఘాటుగా, చేదుగా, కాస్త కర్పూరంలా ఉండేది. ఆ వాసన, అంబలి పులుపు, పైన వేడెక్కిన ఉప్పు వాసన, ఈ మూడూ కలిసిందే నా చిన్నతనం. కప్పు లోపల మసి జిగురు పట్టి నల్లగా నిగనిగలాడేది, పాయలు పాయలుగా దిగేది. అన్నంలో ఒక రేణువు పడితే నేను మొహం చిట్లించేదాన్ని. "తిను, ఒలే. మీ తాత కట్టిన ఇల్లు నీకు రుసి సూపిత్తంది" అనేది నానమ్మ.

ఆ రోజుల్లో దక్షిణాన కొండల్లో దొరల మీద పితూరీ లేచిందని, పోలీసులు దిగారని సంతలో గుసగుసలుగా చెప్పుకునేవారు. దొరలకి బాటల మీద తొందర పుట్టింది అప్పుడే. పై ఊళ్ల మగవాళ్లందరినీ బాట పనికి తోలుకుపోతున్నారు. వానలు మొదలైన రోజుల్లో ఒక ఓవర్సీరు కొలత గొలుసూ జెండాలూ మోయించుకుని మా ఊరొచ్చాడు. బక్క మనిషి, కింది వాడే, జొరం పడి లేచిన మొహం. గొలుసు లాగితే అది తిన్నగా మా ఉప్పింటి అరుగు మీద నుంచి పోయింది. ఆయన చూరు కింద గోడ మీద ఎర్రమట్టితో కూలగొట్టే గుర్తు గీశాడు. మా అయ్య చేతులు జోడించాడు. "నా చేతుల్లో ఏమీ లేదయ్యా. పాడుపడ్డ కొంపయితే తీసేయమని ఉత్తరువు. కార్తీకంలో దొర బాట చూడడానికి వస్తారు. ఇల్లు గట్టిది, మనుషులున్న ఇల్లు అని ఆయనకి తోస్తే బాట పక్కకి జరుపుతారు. తోచకపోతే ఆ రోజే కూలగొడతారు" అన్నాడు ఓవర్సీరు. నానమ్మ ఇచ్చిన అంబలి తాగి, ముంత అరుగు మీద జాగ్రత్తగా పెట్టి వెళ్లిపోయాడు. గుర్తు మాత్రం చెరపొద్దన్నాడు.

మా అయ్య చెడ్డవాడు కాడు. ఆ ఇల్లంటే ఆయనకీ ప్రాణమే. కాకపోతే సరుకు కోసం కిందికి పోయివస్తూ పట్నం ఇళ్లు చూసినవాడు. దొరకి తెల్లగా, శుభ్రంగా, గాలి ఆడుతూ ఉంటేనే ఇల్లన్నట్టు, పొగచూరితే పశువుల పాక అన్నట్టు ఆయన మనసులో పడిపోయింది. మర్నాడే మనుషుల్ని పెట్టి దూలాల మీద మసి గీకించాడు. ముప్పై ఏళ్ల మసి గంపలకి గంపలు దిగింది. కింద లేత చందనం రంగులో మద్ది కర్ర బయటపడితే అయ్య మురిసిపోయాడు. గోడలకి సున్నం వేయించాడు. గుర్తు చెరపొద్దన్నారు కదా, దాని చుట్టూ జానెడు వదిలి మిగతాదంతా వేయించాడు. తెల్లగోడ మీద ఆ ఎరుపు ఇంకా భయంగా కనపడేది. చివరికి పొయ్యి ఆర్పించాడు.

"నిప్పు ఆరిపేత్తావేట్రా సిన్నోడా? కాపరం సేసే ఇంట్లో నిప్పు ఆరుపుతారేట్రా ఎవులైనా?" అని నానమ్మ పొయ్యికి అడ్డంగా కూర్చుంది.

"నాలుగు నెల్లే కదే అమ్మా. దొర వొచ్చి ఎల్లిపోనాక మల్లీ ఎలిగించుకో. ఇల్లుంటేనే కదా పొయ్యి."

"పొయ్యుంటేనేరా ఇల్లు."

ఆ వారం సంతకి నేస్తం తాత అడ్డాకుల కట్ట నెత్తిన పెట్టుకుని వచ్చాడు. గుమ్మంలోనే ఆగిపోయి తల పైకెత్తి చూశాడు. కట్ట దించనైనా లేదు. "ఏటి సేసినావురా బాబూ? కర్రకి సొక్కా ఇప్పేసినావు. సలికి సచ్చిపోద్ది" అన్నాడు. అయ్య సున్నం బురద కాలితో తొక్కుతూ, "దొరల కత నీకేటి తెలుసు పెద్దయ్యా, నువ్వు కొండ మీదోడివి" అన్నాడు. మా అయ్య నోటి నుంచి ఆ మాట వస్తుందని నేను అనుకోలేదు. తాత ఆకుల కట్టతో అలాగే వెనక్కి తిరిగాడు. తర్వాత ఎన్ని సంతలు పోయినా రాలేదు. ప్రతి సంతకీ నానమ్మ ఆయన కోసం ఉప్పు పొట్లం కట్టి గూట్లో పెట్టేది, సాయంత్రం తీసి మళ్లీ బుట్టలో పోసేది.

నానమ్మని పెంకుటింటికి తెచ్చేశారు. ఉప్పింటికి ఈ ఇత్తడి తాళం పడింది. నేల మీద దుమ్ము పేరకుండా రోజూ ఊడ్చే పని నాది, అందుకని తాళంచెవి నా మొలతాడుకి కట్టారు. తొమ్మిదేళ్లదాన్ని, తాళంచెవి వేలాడేసుకుని ఊరంతా తిరిగేదాన్ని. ముందు ఉప్పు చెప్పింది. వేడి లేక బుట్టలు చెమర్చి, అటక మీంచి చుక్కలు పడ్డాయి. అయ్య బుట్టలు పెంకుటింటికి మార్పించాడు, అంతే. భాద్రపదం దాటాక నేల మీద పసుపు పచ్చటి పిండి కనపడడం మొదలుపెట్టింది. పైనుంచి సన్నగా, జల్లెడ పట్టినట్టు, రోజూ ఒకే చోట రాలేది. ఊడ్చిన నేల మీద మళ్లీ పడితే అయ్య నన్ను తిడతాడని భయం. అందుకని పొద్దున ఒకసారి, మధ్యాహ్నం ఒకసారి ఊడ్చేదాన్ని. ఎవరికీ చెప్పలేదు. పైగా ఆ పిండి మెత్తగా, చేతికి హాయిగా ఉండేది. కొబ్బరి చిప్పల్లో పోసి దాచుకునేదాన్ని, నా చెక్కబొమ్మకి సంకటి వండడానికి. మొదట ఒక చిప్ప నిండడానికి పది రోజులు పట్టింది. తర్వాత రెండు రోజులకే నిండింది. నా సంసారం పెరుగుతోందని సంబరపడ్డాను.

నాగుల చవితి వెళ్లిన మర్నాడు ఓవర్సీరు మనిషి వచ్చి, దొర దశమినాడు వస్తున్నాడని చెప్పిపోయాడు. ఆ మధ్యాహ్నమే నానమ్మ పెరట్లో నా బొమ్మరిల్లు దగ్గర ఆగింది. వరసగా పెట్టిన ఆరు చిప్పలు చూసింది. వంగి వేళ్లతో నలిపి, వాసన చూసి, నాలిక మీద వేసుకుంది.

"ఒలే గుంటా, ఏటే ఇది?"

"సంకటి పిండి నానమ్మా. నా బొమ్మకి."

"ఎక్కడిదే?"

నేను ఉప్పింటి వంక చూశాను.  కొడుతుందనుకున్నాను. కొట్టలేదు. నా చెయ్యి పట్టుకుని ఉప్పింటికి తీసుకుపోయి, ఏ దూలం కింద పడింది, ఎన్నాళ్లనుంచి పడుతోంది, ఒక్కొక్కటే అడిగింది.  ఇల్లు నిశ్శబ్దంగా ఉంది. ఆ నిశ్శబ్దంలో పైనుంచి కిరకిర, కిరకిర అని వినపడింది. పుచ్చు పురుగు తింటున్న చప్పుడు. అన్నాళ్లూ నేను పాడుకుంటూ ఊడ్చానేమో, ఎన్నడూ వినలేదు.

నానమ్మ కర్ర పుచ్చుకుని అప్పటికప్పుడు కొండెక్కింది, నన్ను వెంటేసుకుని. రెండు కొండలు దాటాలి. దారిలో నాకు ముల్లు గుచ్చుకుంటే ఆగి తీసింది. నేస్తం తాత ఇంటి ముందు చేట అల్లుకుంటున్నాడు. మమ్మల్ని చూసి లేవలేదు.

"నేస్తం, నా ఇల్లు పుచ్చిపోనాది."

"నాను కొండ మీదోన్ని. నాకేటి తెలుసు?"

"ఆడన్న మాటకి నన్ను తిట్టు, కొట్టు. ఇల్లేటి సేసినాది నిన్ను?" అంటూ నానమ్మ చెంగు ముడి విప్పింది. అన్ని సంతలుగా గూట్లోకి ఎక్కి దిగిన ఉప్పు పొట్లం అందులో ఉంది. తాత దాన్ని చేతిలోకి తీసుకుని బరువు చూసినట్టు ఊపాడు. చేట పక్కన పెట్టాడు.

తెల్లారి నలుగురు మనుషులతో దిగాడు. కత్తి వెనక వైపుతో ఒక్కొక్క దూలమూ తట్టి చెవి ఆనించాడు. వెన్నుదూలం గట్టిదే. తలుపు దగ్గరిది సగం పోయింది. నడిమిది, ఆ మద్ది దూలం, తడితే ఎండు సొరబుర్ర తట్టినట్టు డొల్లగా పలికింది. అయ్య గుంజకి ఆనుకుని నిలబడిపోయాడు. "అడవిలో ఇంకో మద్ది సూపించు పెద్దయ్యా. నానే కొడతాను, బేగి కొట్టేత్తాను" అన్నాడు. తాత తల అడ్డంగా ఊపాడు. వెన్నెల పెరిగే రోజుల్లో కొట్టిన కర్రకి పుచ్చు పట్టి తీరుతుంది, అమావాస్య ముందు కొట్టిందే నిలుస్తుంది. అమావాస్య ఇరవై రోజుల పైనే ఉంది. దొరకి నాలుగు రోజులే ఉంది.  అప్పుడు తాత, "ఇంకోటి ఉంది కదరా, దీని తోడుది" అన్నాడు. మా నానమ్మకి ముందు అర్థమయింది. "వొద్దు నేస్తం, సలికాలం" అంది. తాత అప్పటికే బయటికి నడిచాడు.

ఆ సాయంత్రానికి తాత ఇంటి కప్పు సగం విప్పి, దూలం దించి, మర్నాటి మధ్యాహ్నానికి నలుగురూ భుజాల మీద మోసుకొచ్చారు. ముప్పై ఏళ్ల పొగ తాగి బొగ్గులా ఉంది. అయ్య ఎదురెళ్లి ముందు కొస కింద భుజం పెట్టాడు. డొల్ల దూలం దించి దాన్ని ఎక్కిస్తుండగా ఓవర్సీరు వచ్చాడు.  ఆ నలుగురూ బాట పని ఎగ్గొట్టి వచ్చినవాళ్లు.

"వీళ్లు బాట మీద ఉండాలి కదా? ఇక్కడేం చేస్తున్నారు?"

తాత దూలం కింద నుంచే, "ఇదీ బాట పనే బాబూ. బాట తిప్పుతున్నాం" అన్నాడు. ఓవర్సీరు నవ్వు ఆపుకోబోయి దగ్గాడు. నానమ్మ అంబలి ముంత ఇచ్చింది. తాగినంతసేపూ గోడ వైపే చూశాడు, దూలం వైపు చూడలేదు.

నడిమిది కుదిరింది గానీ తలుపు దగ్గరి దూలానికి వ్యవధి లేదు. దాన్ని అడ్డ నారతో చుట్టి బిగించారు. పొయ్యి వెలిగింది. దశమి నాడు దొర గుర్రం దిగి, తల వంచి లోపలికొచ్చేసరికి ఇల్లు నిండా పొగ. అయ్య వేయించిన సున్నం అప్పటికే పసుపురంగు తిరుగుతోంది. నేస్తం తాత తలుపు దగ్గరి దూలం కింద అడ్డాకులు పరుచుకుని కుట్టుకుంటూ కూర్చున్నాడు, జరగమన్నా జరగలేదు. నానమ్మ అంబలి కలుపుతోంది, లేవలేదు. దొర ఏదో అడిగాడు. "ఈ పొగ ఎందుకని అడుగుతున్నారు" అన్నాడు ఓవర్సీరు.

"వొండుకుంతన్నానని సెప్పు బాబూ. ఆకలైతే కూసోమను."

దొర బెత్తం ఎత్తి నడిమి దూలాన్ని మూడుసార్లు కొట్టాడు. ఖణేల్ మంది. మా అయ్య కళ్లు తెరిచాడు. అంతటితో పోతాడనుకున్నాం. ఆయన తలుపు వైపు తిరిగి, తాత నెత్తి మీదుగా బెత్తం మళ్లీ ఎత్తాడు. తాత కుట్టడం ఆపేశాడు గానీ కదల్లేదు. అప్పుడు నానమ్మ పక్కనున్న వావిలి మోపులోంచి పచ్చి కొమ్మలు నాలుగు ఒక్కసారిగా పొయ్యిలోకి తోసింది. తెల్లటి పొగ గుప్పున లేచింది. దొర దగ్గి, కళ్లు నులుముకుంటూ, బెత్తం దించి గుమ్మం దాటి బయటపడ్డాడు. ఎంతసేపు దగ్గాడో. తర్వాత ఎర్రబడ్డ కళ్లతోనే గొలుసు వైపు చూసి, బెత్తంతో ఎడమకి చూపించి గుర్రం ఎక్కాడు. ఇల్లు గట్టిదని తోచిందో, ఆ పొగలోకి మళ్లీ రావడం ఇష్టం లేకో నాకు ఈనాటికీ తెలియదు. ఓవర్సీరు తన చేతిరుమాలు మా కడవలో తడిపి గోడ మీది ఎర్రగుర్తు తుడిచాడు.

అమావాస్య ముందు మా అయ్య గొడ్డలి భుజాన వేసుకుని కొండెక్కాడు. తాత ఇంటికి కొత్త దూలం ఆయనే కొట్టి, ఆయనే మోశాడు. మూడు వారాలు ఆ ముసలాయనా ఇంటివాళ్లూ సగం కప్పు కింద, మంచులో, ఆవులతో కలిసి పడుకున్నారు. అయ్య ఏం చెప్పుకున్నాడో, తాత ఏమన్నాడో నేను వినలేదు. దిగివచ్చాక తాళంచెవి నా మొలతాడు నుంచి విప్పి ఏట్లోకి విసిరేశాడు. తాళం మాత్రం గుంజకి మేకు కొట్టి తానే తగిలించాడు, కనపడాలని.

బాట ఇప్పటికీ మా ఇంటి దగ్గర వంపు తిరుగుతుంది. బస్సులవాళ్లు అక్కడ హారన్ కొట్టి, ఎవరిల్లురా ఇది అడ్డంగా అని తిట్టుకుంటూ పోతారు. పెంకుటిల్లు ఎప్పుడో పడిపోయింది, సంత చుట్టూ అన్నీ స్లాబులే. ఆనాడు కూలగొడతామన్నవాడు ఎదురుగా గోడ మీద గుర్తు గీశాడు, వాడితో ఎలా పోట్లాడాలో తెలిసింది. ఇప్పుడొచ్చినవాళ్లు కాపాడతామంటున్నారు, మా అయ్యలాగే, అంత ప్రేమతోనూ. వాళ్లతో పోట్లాడడం నాకు చేతకాలేదు. పొద్దున్నే పొయ్యి వెలిగించాలని ఆ కాగితంలో ఒక్క ముక్క రాయండి, సంతకం పెడతాను అన్నాను. పెద్దాయన ఆఫీసులో అడగాలమ్మా అన్నాడు. కుర్రాడు మాత్రం గుంజ దగ్గరికి పోయి తాళాన్ని వేలితో తుడిచి, వేలికంటిన మసిని చూసుకుంటూ నిలబడ్డాడు. కబురింకా రాలేదు.

ఈలోగా నాకు జొరం వచ్చింది. ఎనిమిది రోజులు మంచం దిగలేదు. పొయ్యి వెలిగించమని ఇంట్లోవాళ్లకి చెబితే, ముందు నీ ఒళ్లు చూసుకో అంటారు. కళ్లు మూసుకుంటే ఆ కిరకిరే వినపడేది. తొమ్మిదో రోజున గోడ పట్టుకుంటూ ఉప్పింటికి వెళ్లాను. పొయ్యి వెచ్చగా ఉంది. బూడిద కింద నిప్పు కప్పి ఉంది, పక్కన వావిలి కొమ్మలు ఉన్నాయి. నేస్తం తాత మునిమనవరాలు సుక్రి, సంతలో ఆకులమ్ముకునే పిల్ల, అరుగు మీద కూర్చుని తల దువ్వుకుంటోంది. "నువ్వు రాలేదు గదా అవ్వా, నానే ఎలిగించేసినాను. ఏటి, తప్పా?" అంది. నేను మోకాళ్ల మీద కూర్చుని, నడిమి దూలం కింద నేలని అరచేత్తో మెల్లగా తడిమాను. చెయ్యి వెలుగులోకి పెట్టి చూసుకున్నాను. పిండి లేదు.